ఇంట్లో నీటి నుంచి హైడ్రోజన్: ప్లేట్లు, నీళ్లు, సోడా ఎంచుకోవడం

నీళ్లలోకి కరెంటు పంపితే బుడగలు రావడం పెద్ద విషయం కాదు. ఉప్పు వేసినా వస్తాయి, రాగి తీగలు ముంచినా వస్తాయి. వచ్చేది ఏ వాయువు, నీళ్లలోకి ఏం కరుగుతోంది అన్నదే అసలు లెక్క. హైడ్రోజన్ వచ్చేది మైనస్ ప్లేటు దగ్గర, చిక్కంతా దాదాపు ప్లస్ ప్లేటు వైపే. అక్కడ పుట్టే ఆక్సిజన్ లోహాన్ని తినేస్తుంది. అందుకే ముందు ప్లస్ ప్లేటు సంగతి తేల్చుకోండి.

రాగి పెడితే నీలం, ఆకుపచ్చ మడ్డి దిగుతుంది. జీఐ రేకు మీది జింకు పూత కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) నీళ్లలో కరిగిపోతుంది. అల్యూమినియం జోలికే పోకండి: కాస్టిక్ తగిలితే కరెంటు లేకుండానే వేడెక్కి హైడ్రోజన్ వదులుతుంది. కలిపే గిన్నె కూడా అల్యూమినియంది కాకూడదు. పెన్సిల్ ములుకులు బడి ప్రయోగానికి చాలు, కానీ ప్లస్ వైపుది పొడిపొడిగా రాలి నీళ్లు నల్లబడతాయి.

కాస్టిక్ సోడా నీళ్లకు నికెల్‌ను మించింది లేదు. లిథియం బ్యాటరీ ప్యాకులకు వాడే నికెల్ పట్టీలు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటిలో నికెల్ పూత పూసిన ఇనుము కూడా ఉంటుంది. అయస్కాంతంతో తేలదు, నికెల్ కూడా దానికి అంటుకుంటుంది. గరుకు కాగితంతో గీకి, రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచండి. తెల్లారేసరికి గీతల్లో తుప్పు రంగు కనిపిస్తే అది ఇనుమే.

నికెల్ దొరక్కపోతే స్టెయిన్‌లెస్ స్టీల్. 316 గ్రేడు మేలు, తర్వాత 304. అయస్కాంతం అంటుకోలేదు కదా అని 304 అనుకోవద్దు, 202 రకానికీ సాధారణంగా అంటదు. గ్రేడు అడిగి కొనండి. ప్లేటును 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు పోయేదాకా కడగండి. జిడ్డు, సబ్బు మిగిలితే నురగ పొంగుతుంది.

నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే. బ్యాటరీ యాసిడ్ కాదు, డబ్బా చూసి తీసుకోండి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మైనస్ ప్లేటు మీద తెల్లటి పెచ్చుగా కడతాయి. ఆర్వో నీళ్లలోనూ కొంత టీడీఎస్ (కరిగిన లవణాలు) మిగులుతుంది.

ఇక నీళ్లలో కరెంటు బాగా పారడానికి కలిపే సోడా. ఉప్పు వద్దే వద్దు: క్లోరిన్ పుడుతుంది, స్టీల్ గుంటలు పడుతుంది. వంట సోడాతో ప్లస్ వైపు వాయువులో కార్బన్ డయాక్సైడ్ కలుస్తుంది. కొత్తవాళ్లకు చాకలి సోడా చాలు: లీటరుకు 50 నుంచి 100 గ్రాములు, స్టీల్ ప్లేట్లతో. అలవాటయ్యాక కాస్టిక్ సోడా: లీటరుకు 50 గ్రాములు. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, నీళ్లలోకి సోడాను కొంచెం కొంచెంగా వేయండి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. డ్రెయిన్ క్లీనర్ పొడి వాడొద్దు, కొన్నిటిలో అల్యూమినియం ముక్కలుంటాయి.

ఒక్క జత ప్లేట్లకు సుమారు 2 వోల్టులు చాలు. 12 వోల్టుల బ్యాటరీని నేరుగా ఒక జతకే తగిలిస్తే కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు కాగడానికే పోతుంది. ఒక్కో జత ఉన్న ఆరు విడి పాత్రలను వరుసగా (సిరీస్‌లో) కలపాలి. 5 సెంటీమీటర్ల చదరపు ప్లేట్లు, మధ్య సెంటీమీటరు దూరం, 1 ఆంపియర్: ఒక్కో జతకు నిమిషానికి సుమారు 7.6 మిల్లీలీటర్ల హైడ్రోజన్. 100 మిల్లీలీటర్ల గొట్టం నిండడానికి 13 నిమిషాలు. ఆ పక్కన ఆక్సిజన్ అందులో సగం ఉండాలి. బాగా తక్కువుంటే ప్లస్ ప్లేటే కరుగుతోందన్నమాట.

రెండు వాయువులనూ ఒకే డబ్బాలోకి పట్టొద్దు, మూత బిగించొద్దు. గాలిలో 4 నుంచి 75 శాతం హైడ్రోజన్ ఉంటే చాలు, నిప్పురవ్వకే అంటుకుంటుంది. పొయ్యి, స్విచ్చులకు దూరంగా, కిటికీలు తెరిచి చేయండి. తీగలు తీసేముందు ప్లగ్గు పీకండి.

మట్టం తగ్గినప్పుడు డిస్టిల్డ్ వాటరే పోయండి, సోడా ఖర్చు కాదు. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే మాత్రం వెంటనే ఆపేయండి: స్టీల్‌లోని క్రోమియం విషపు రూపంలో కరుగుతోంది. ఆ నీళ్లను చేత్తో తాకకండి, సింకులో పారబోయకండి. ప్లాస్టిక్ సీసాలో పోసి, లోపల ఏముందో మూత మీద రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.