చిల్కా పరేడ్‌కు వైజాగ్ నుంచి వెళ్లేవారికి

నౌకాదళం అనగానే వైజాగ్ వాళ్లకు అంతా మన ఊళ్లోనే ఉందనిపిస్తుంది. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం ఇక్కడే ఉన్నా, అగ్నివీర్‌గా (నాలుగేళ్ల సర్వీసుకు) చేరిన పిల్లల మొదటి శిక్షణ మాత్రం ఒడిశాలో, చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కాలో జరుగుతుంది. 16 వారాలు పూర్తయ్యాక పాసింగ్ అవుట్ పరేడ్, అంటే శిక్షణ ముగింపు కవాతు. ఇక్కడి నుంచి దాదాపు 350 కిలోమీటర్లు. పరేడ్ చూడడానికి కష్టమేమీ లేదు. సరైన రోజున, సరైన కార్డుతో, సరైన గేటు ముందు నిలబడడమే అసలు పని. వెనక్కి తిరిగి వచ్చేసే కుటుంబాలు తప్పేదీ అక్కడే.

ముందుగా ఒక మాట. ఈ పరేడ్‌కు వచ్చేది అమ్మానాన్నలు, తోబుట్టువులు. భార్యలు ఉండరు. అగ్నివీర్‌గా చేరాలంటే పెళ్లి కాకూడదు, నాలుగేళ్ల సర్వీసులో చేసుకోకూడదు. చేసుకుంటే ఉద్యోగం పోతుంది. సంబంధం కుదిరిన అమ్మాయిని తీసుకెళ్లవచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. అతిథుల జాబితాలో పేరు ఉంటేనే గేటు తెరుచుకుంటుంది, వరస ఏదన్నది తర్వాతి సంగతి.

తేదీ విషయంలో మీ పిల్లవాడు ఫోన్లో చెప్పిన మాట, శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన సమాచారం, ఈ రెండే నమ్మండి. బ్యాచ్‌లకు 01, 02 అని సంవత్సరంతో కలిపి నంబర్లు ఉంటాయి. పాత బ్యాచ్ ఆహ్వానం ఫొటో ఏడాది తర్వాత కూడా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. కాల్ లెటర్ మీది బ్యాచ్ నంబరును దానితో సరిపోల్చుకోండి. పరేడ్ పాస్ ఇప్పిస్తాం, ఇంత పంపండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

అతిథుల పేర్లు ఇచ్చేది పిల్లవాడే. మన ఇళ్లలో చిక్కంతా ఇంటిపేరుతో వస్తుంది. నాన్న ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది, పిల్లవాడేమో పూర్తిగా రాస్తాడు. అమ్మ ఆధార్‌లో పుట్టింటి పేరు ఉంటుంది, వాడు నాన్న ఇంటిపేరు తగిలిస్తాడు. లేదంటే ఇంట్లో పిలిచే పేరే రాసేస్తాడు. గేటు దగ్గర సిపాయి చూసేది రెండు కాగితాల్లో అక్షరాలు కలిశాయా అన్నదే. అందుకని ఫోన్ దొరికిన మొదటి రోజే ఆధార్ మీద ఉన్నది ఉన్నట్టు, ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటీ చదివి చెప్పండి, వాడి చేత తిరిగి చదివించుకోండి. శిక్షణలో ఫోన్ దొరికే సమయం తక్కువ కాబట్టి అడగాల్సినవన్నీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి: ఎంతమందికి అనుమతి, ఏ గేటు, ఎన్ని గంటలకు, సొంత బండి అయితే నంబరు ఇవ్వాలా, మొబైల్ లోపలికి రానిస్తారా. వెళ్లేటప్పుడు ఒరిజినల్ ఆధార్ తీసుకెళ్లండి. జిరాక్సునో ఫోన్లో ఫొటోనో నమ్ముకోవద్దు. ఫోన్ గేటు దగ్గరే పెట్టాల్సి వస్తే ఆ ఫొటో కూడా దానితోనే పోతుంది.

రైలు విషయం. దిగాల్సింది బాలుగావ్. విశాఖ ఎక్స్‌ప్రెస్, ప్రశాంతి లాంటివి అక్కడ ఆగుతాయి. హౌరా వైపు వెళ్లే సూపర్‌ఫాస్టుల్లో చాలావాటికి అక్కడ హాల్టు ఉండదు. టికెట్ తీసే ముందు ఆ రోజు హాల్టు ఉందో లేదో చూడండి. లేకపోతే బరంపురంలో దిగి బస్సో కారో పట్టాలి, అది సుమారు 70 కిలోమీటర్లు. ఎక్కే స్టేషన్ కూడా చూసుకోండి. విశాఖ స్టేషన్‌కు వస్తే ఇంజను వెనక్కి తిప్పాలి కాబట్టి కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. విశాఖ స్టేషన్‌లో నిలబడి దువ్వాడ రైలు కోసం చూస్తే లాభం లేదు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తేదీ ఖాయమయ్యేది చాలాసార్లు దానికి బాగా తర్వాత. కాబట్టి అనుకున్న తేదీ చుట్టూ టికెట్ తీసి పెట్టుకుని, మారితే వీలైనంత ముందే రద్దు చేసుకోవడం మేలు. తత్కాల్ ప్రయాణానికి ముందురోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుచుకుంటుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జోడించి లేకపోతే ఆ సమయానికి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఆ పని ఈ వారమే చేసేయండి.

కారులో అయితే జాతీయ రహదారి 16 మీద శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా ఆరేడు గంటలు. ఫాస్టాగ్‌లో డబ్బు సరిపడా వేసుకోండి, రానూపోనూ టోళ్లు చాలా తగులుతాయి. టాక్సీ మాట్లాడుకుంటే ఆలిండియా పర్మిట్ ఉందా అని మొదటే అడగండి. లేకపోతే ఒడిశాకు తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి, ఆ ఖర్చు ఎవరిదన్న తగువు ఇచ్ఛాపురం దాటాక మొదలవుతుంది.

తిరుగు ప్రయాణమే ఎక్కువమందిని ఇబ్బంది పెడుతుంది. తొలి అగ్నివీర్ బ్యాచ్ పరేడ్ 2023 మార్చి 28న జరిగింది. 2,585 మంది, అందులో 272 మంది అమ్మాయిలు. మన సాయుధ దళాల్లో సూర్యాస్తమయం తర్వాత జరిగిన మొదటి పాసింగ్ అవుట్ పరేడ్ అదే. మీ బ్యాచ్‌దీ సాయంత్రమే అయితే లెక్క వేసుకోండి: ఒక్కో పిల్లవాడి కోసం ఇద్దరు వచ్చినా ఐదు వేల మంది, చీకటి పడ్డాక, ఒక్కసారే ఆ చిన్న ఊళ్లోకి వస్తారు. ఆటోలు చాలవు. అడిగిన రేటు ఇవ్వక తప్పదు. ఆ రాత్రి రైలు పెట్టుకుంటే పిల్లవాడితో అరగంట కూడా కూర్చోలేరు, పైగా రైలూ తప్పవచ్చు. మర్నాడు ఉదయం రైలుకు తీసుకుని ఆ రాత్రి అక్కడే ఉండండి. బాలుగావ్‌లో లాడ్జీలు, దగ్గర్లో బర్కుల్‌లో ఒడిశా టూరిజం వారి పంథనివాస్ ఉన్నాయి. అవి నిండిపోతే రంభ, అదీ కాకపోతే బరంపురం. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్లు బాగానే ఉంటారు, పెద్దవాళ్లకు భోజనం దగ్గర ఇబ్బంది ఉండదు.

బట్టలు. ఆడవాళ్లకు చీరో చుడీదారో, మగవాళ్లకు ప్యాంటు, చొక్కా, బూట్లు. నడక ఎక్కువ, కుర్చీలో కూర్చునేది కూడా ఎక్కువసేపే. చెప్పిన సమయానికి రెండు గంటల ముందే చేరండి. తనిఖీ వరస నెమ్మదిగా కదులుతుంది. చాకు, అగ్గిపెట్టె, సిగరెట్లు, పెద్ద బ్యాగులు గదిలోనే వదిలేయండి. బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో సహా చిన్న సంచిలో పెట్టుకోండి. సరస్సు పక్కన సాయంత్రం దోమలు ఉంటాయి, పసిపిల్లలకు నిండు చేతుల బట్టలు వేయండి.

మూడు వేల తెల్ల యూనిఫారాల్లో మీవాణ్ని గుర్తుపట్టడం మీరనుకున్నంత తేలిక కాదు. జుట్టు పోయి, ఒళ్లు తగ్గి, నడక మారి ఉంటుంది. డివిజన్ పేరు, ప్లటూన్, ఎన్నో వరస, కుడి నుంచి ఎన్నోవాడు అన్నది ముందే అడిగి ఉంచుకోండి. ఆజ్ఞలు హిందీలో ఉంటాయి: సావధాన్, విశ్రామ్, ధీరే చల్ (నెమ్మదిగా నడువు), తేజ్ చల్ (వేగంగా నడువు). "దాహినే దేఖ్" (కుడివైపు చూడు) అనగానే తలలన్నీ వేదిక వైపు తిరుగుతాయి. వేదిక పక్క గ్యాలరీలో కూర్చుంటే ముఖాలు కనిపించే క్షణం అదే. ఆ క్షణాన ఫోన్ ఎత్తి వీడియో తీస్తే తెరలో తెల్ల చుక్కలు తప్ప ఏమీ రావు, కళ్లతో చూడండి. నౌకాదళం పరేడ్‌ను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపిస్తుంది, వీడియో తర్వాత ఎలాగూ దొరుకుతుంది. ప్రయాణం చేయలేని తాతయ్య, అమ్మమ్మలకు ఇంట్లో టీవీలో అది పెట్టి చూపించే బాధ్యత పక్కింటి కుర్రాడికి ముందే అప్పజెప్పండి. జాతీయ గీతానికి, సమీక్షించే అధికారి వచ్చినప్పుడు లేచి నిలబడాలి.

పరేడ్ అయ్యాక పరుగెత్తి వాటేసుకుంటారు, అది ఎవరూ ఆపలేరు. అమ్మలకు మాత్రం ఒక హెచ్చరిక: తెల్ల యూనిఫారం మీద కుంకుమ, పసుపు, కాటుక, పూలదండ తడి పడితే ఉతికినా పోదు, ఆ బట్టలు వాడికి మళ్లీ కావాలి. బొట్టు పెట్టడం, హారతి, దిష్టి లాంటివి యూనిఫారం మార్చుకున్నాకే. తినుబండారాల్లో ఆవకాయ జాడీ వద్దు, నూనె కారితే తనిఖీ బల్ల మీదే పరువు పోతుంది. మాడుగుల హల్వా, సున్నుండలు నిలవ ఉంటాయి. అవీ లోపలికి రానిస్తారో లేదో అడిగాకే మూట కట్టండి. లోపలి భవనాలు, గేట్లు కనిపించే ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి.

వాణ్ని వెంట తీసుకొచ్చేస్తామని ముందే టికెట్ తీయవద్దు. పరేడ్ తర్వాత సెలవు ఇస్తారా, నేరుగా ఓడల మీద సముద్ర శిక్షణకు పంపుతారా అన్నది ఉత్తర్వు వచ్చాకే తేలుతుంది. సెలవు దొరికితే మర్నాడు ఉదయం బర్కుల్ నుంచి పడవలో కాళీజాయి అమ్మవారి గుడికి వెళ్లి రావచ్చు. రైలు సమయానికి మూడు గంటలు మిగిలేలా చూసుకోండి.