ఏసీ చల్లగానే ఉంది, గాలే రావట్లేదు: నా కారులో ఇలా సరైంది

మాది హన్మకొండ. ఏప్రిల్ ఎండల్లో బ్లోయర్ 4 మీద పెట్టినా మోతే తప్ప గాలి లేదు. వచ్చిన కాస్త గాలి మాత్రం చల్లగానే ఉంది. గ్యాస్ నింపించాను, కండెన్సర్ కడిగించాను, వెంట్లు తుడిచాను. డబ్బు పోయిందే తప్ప ఫలితం లేదు.

చివరికి క్యాబిన్ ఫిల్టర్, అంటే కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టేది, తీశాను. ముందు గ్లవ్‌బాక్స్ ఖాళీ చేసి, పక్కనున్న స్టాపర్ ఊడదీసి, రెండు వైపులా లోపలికి నొక్కితే మొత్తం కిందికి వాలింది. వెనక ప్లాస్టిక్ మూత ఉంది. దాని క్లిప్పులు నొక్కి లాగితే ఫిల్టర్ బయటికొచ్చింది. బూడిద రంగు పరుపులా ఉంది! పత్తి సీజన్ అంతా ఎనుమాముల మార్కెట్ దారిలోనే తిరిగాను, ఆ నూగు మొత్తం అందులోనే.

ఫిల్టర్ లేకుండానే ఒక్క నిమిషం బ్లోయర్ వేసి చూశాను. గాలి ముఖానికి కొట్టింది. ఈ పని మాత్రం తప్పకుండా చేయండి, అడ్డు ఎక్కడుందో అప్పుడే తేలిపోతుంది. తర్వాత బ్లోయర్ ఆపి, లోపలి ఎండుటాకులు వ్యాక్యూమ్‌తో లాగేశాను. పాత ఫిల్టరే దులిపి పెడితే సగమే నయం. కొత్తది తెచ్చి, దాని మీది బాణం గాలి వెళ్లే దిక్కుకు ఉండేలా పెట్టాను. నా కారులో అది కిందికి.

అన్ని కార్లకూ ఇదే మందని చెప్పలేను. ఫిల్టర్ తీసినా గాలి రాకపోతే బ్లోయర్ మోటారు చూపించాలి. మొదట బాగా వచ్చి అరగంటకు తగ్గిపోతుంటే లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు గడుతోందేమో, అది మెకానిక్ పని.