ఎస్‌కి ముందా, వెనకా? ఇంగ్లిష్‌లో ‘అబ్బాయిల’, ‘టీచర్ల’, ‘పిల్లల’ అని రాయాల్సి వచ్చినప్పుడు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గల్లీల్లో నడిస్తే హాస్టల్ బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద బాయ్స్ హాస్టల్, ఇంకోదాని మీద బాయ్’స్ హాస్టల్, మరోదాని మీద బాయ్స్’ హాస్టల్. పైకి చదివితే మూడూ ఒకటే. రాతలో మాత్రం మూడింటికీ అర్థం వేరు. బాయ్స్ అంటే అబ్బాయిలు. బాయ్’స్ అంటే ఒక్క అబ్బాయిది. బాయ్స్’ అంటే అబ్బాయిలందరిదీ. చెవికి తేడా తెలియదు కాబట్టి ఇక్కడ చెవిని నమ్ముకుంటే లాభం లేదు. స్పెల్ చెక్ కూడా చాలాసార్లు ఊరుకుంటుంది, ఎందుకంటే మూడూ సరైన మాటలే.

ఇంగ్లిష్ మాటల్ని ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. పైన కామాలా కనిపించే గుర్తే అపాస్ట్రఫీ. అది ఎస్‌కి ముందుందా, వెనకుందా అన్నదే గమనించండి.

సమస్య: ఎస్ కనబడితే చాలు, అపాస్ట్రఫీ పడిపోతోంది

టిఫిన్ సెంటర్ బోర్డు మీద టిఫిన్’స్, వాట్సాప్ గ్రూపులో “ఆల్ కంపెనీ’స్ ఆర్ హైరింగ్”. రెండు చోట్లా చెప్పదలచుకున్నది ‘చాలా’ అని మాత్రమే, ‘ఫలానావారిది’ అని కాదు.

కారణం: బహువచనానికీ ఎస్సే, ‘యొక్క’కీ ఎస్సే. రెండూ కలిసిపోతున్నాయి.

పరిష్కారం: ఆ మాట తర్వాత దానికి చెందిన వస్తువో మనిషో పనో ఉందా అని చూడండి. లేకపోతే అపాస్ట్రఫీ చాలావరకు అక్కర్లేదు. టిఫిన్స్, కంపెనీస్, అంతే. కంపెనీలో చివరి వై పోయి ఐ-ఇ-ఎస్ వస్తుంది. యువర్స్, అవర్స్, దెయిర్స్, ‘దాని’ అనే అర్థంలో వచ్చే ఇట్స్, వీటికీ అపాస్ట్రఫీ ఉండదు.

సమస్య: చాలామందిది అని తెలుసు, గుర్తు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. స్కూల్లో చెప్పిన రూలు గుర్తుంటుంది కానీ, మెయిల్ రాసేటప్పుడు టెన్షన్‌లో అది తిరగబడుతుంది. నా మాట వింటే, ఆ రూలు కంటే ముందు మీ తెలుగును అడగండి. ఇంగ్లిష్ చెవికి అందకుండా దాచేసిన తేడాను తెలుగు బయటికే పలుకుతుంది. అబ్బాయి హాస్టల్ వేరు, అబ్బాయిల హాస్టల్ వేరు. ‘లు’ కాస్తా ‘ల’ అవుతుంది. ఆ ‘ల’ వినబడితే బహువచనం ఖాయం.

అప్పుడు రెండు అంచెల్లో రాయండి. మొదట ఇంగ్లిష్ బహువచనం పూర్తిగా రాసేయాలి. అది ఎస్‌తో ముగిస్తే, ఇంకో ఎస్ చేర్చకుండా చివర ఉత్త అపాస్ట్రఫీ పెట్టాలి. తల్లిదండ్రుల సంతకాలు: పేరెంట్స్ అని రాసి, చివర గుర్తు పెడితే పేరెంట్స్’ సిగ్నేచర్స్. ఉద్యోగుల క్యాంటీన్: ఎంప్లాయీస్’ క్యాంటీన్. మీ పీఎఫ్ కాగితాల్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1952 నాటి పీఎఫ్ చట్టం పేరులో ఎంప్లాయీస్’ అని ఎస్ తర్వాతే గుర్తు ఉంటుంది. తెలుగులో దాన్ని ఉద్యోగుల భవిష్య నిధి అంటాం, ‘ల’ అక్కడే ఉంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి పేరులోని ఈఎస్ఐ కూడా అంతే, దాని పూర్తి పేరు ఎంప్లాయీస్’ స్టేట్ ఇన్సూరెన్స్. ఈఎస్ఐ చట్టం 1948 నాటిది, దాని పేరులోనూ ఎంప్లాయీస్’ అనే.

రైతుబజార్‌ని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఫార్మర్స్’ మార్కెట్. అపాస్ట్రఫీ లేకుండా రాసే పత్రికలూ ఉన్నాయి, అక్కడ ఫార్మర్స్‌ని విశేషణంలా వాడతారు. రెండూ చెల్లుతాయి. ఫార్మర్’స్ అని రాస్తే మాత్రం అది ఒకే రైతు బజారు అయిపోతుంది. సేల్స్ మేనేజర్, స్పోర్ట్స్ డే లాంటి వాటికి గుర్తు ఎక్కడా పెట్టకండి.

సమస్య: ఉమెన్స్’, చిల్డ్రన్స్’ అని వస్తోంది

కారణం: పై రూలును అన్నిటికీ వాడేయడం.

పరిష్కారం: మొదటి అంచె దగ్గర ఆగి చూడండి. ఉమన్‌కి బహువచనం ఉమెన్, చైల్డ్‌కి చిల్డ్రన్. రెండింటిలోనూ ఎస్ లేదు. లేని ఎస్ తర్వాత గుర్తు పెట్టలేం కాబట్టి, గుర్తు పెట్టి ఆ తర్వాత ఎస్ చేరుస్తాం. ఉమెన్’స్, చిల్డ్రన్’స్, మెన్’స్, పీపుల్’స్. ఒకప్పటి కోఠి ఉమెన్’స్ కాలేజీ, నెక్లెస్ రోడ్డులో పీపుల్’స్ ప్లాజా, ఈ రెండు పేర్లూ గుర్తుంటే చాలు. పీపుల్స్’ అనే రూపం ఉంది కానీ, అది వేర్వేరు జాతుల గురించి చెప్పేటప్పుడు వచ్చేది, మనకు అరుదు.

సమస్య: తెలుగులో సరిపోయింది, ఇంగ్లిష్‌లో తప్పయింది

‘ల’ పరీక్ష తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి తెలియకపోతే పరీక్ష మీదే నమ్మకం పోతుంది, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది ‘వాళ్ళ’. దిల్‌సుఖ్‌నగర్‌లో మామయ్య వాళ్ళ ఇల్లు అంటాం. ఉన్నది ఒక్క మామయ్యే, ‘వాళ్ళ’లో ఆయన ఇంటిల్లిపాదీ వచ్చేస్తారు. ఇంగ్లిష్‌లో అది మై అంకుల్’స్ హౌస్. అంకుల్స్’ అని రాస్తే ఇద్దరో ముగ్గురో మామయ్యలు కలిసి ఉంటున్నట్టు. ‘వాళ్ళ’ వచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టి, ముందున్న మాటను లెక్కపెట్టండి.

రెండోది, పుట్టుకతోనే ‘ల’ ఉన్న మాట. నెల జీతంలో ‘ల’ బహువచనం కాదు, మంత్’స్ శాలరీయే. మూడు నెలల జీతం అన్నప్పుడు ఇంకో ‘ల’ వచ్చి చేరింది చూడండి, అది త్రీ మంత్స్’ శాలరీ.

మూడోది సంస్కృత సమాసాలు. ఉపాధ్యాయ దినోత్సవం, మహిళా దినోత్సవం అన్నప్పుడు ‘ల’ దాక్కుంటుంది. ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చండి. టీచర్ల రోజు అంటే టీచర్స్’ డే, ఆడవాళ్ల రోజు అంటే ఉమెన్’స్ డే. అలాగని మదర్స్’ డే అనకండి. అమెరికాలో ఆ రోజు కోసం పోరాడిన ఆనా జార్విస్ ఏకవచనమే ఉండాలని పట్టుబట్టింది, ఎవరింట్లో వాళ్లు తమ తల్లిని తలచుకోవాలని. అందుకే అది మదర్’స్ డే.

సమస్య: రెజ్యూమెలో, రాజీనామా మెయిల్‌లో కాలం లెక్క తప్పుతోంది

హైటెక్ సిటీ ఉద్యోగాలకు పంపే రెజ్యూమెల్లో “5 ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్” అని ఉత్తగా కనిపిస్తుంది, లేదా 5 ఇయర్’స్ అని. కాలానికి కూడా ‘యొక్క’ ఉంటుందని తట్టకపోవడమే కారణం. ఐదేళ్ల అనుభవం అని పలికి చూడండి, ‘ల’ వినబడింది కదా. 5 ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్ అని రాయండి, లేదా ఇయర్స్ తర్వాత ‘ఆఫ్’ పెట్టి 5 ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్ అనండి. ‘ఆఫ్’ ఉంటే అపాస్ట్రఫీ వద్దు, అదే పని రెండుసార్లు చేసినట్టు. అనుమానం ఉన్నవాళ్లకు ఈ రెండో దారి భద్రం.

రాజీనామాలో కూడా ఇదే లెక్క. వన్ మంత్’స్ నోటీస్, టూ వీక్స్’ నోటీస్, 90 డేస్’ నోటీస్. మధ్యలో అడ్డగీత వచ్చిందంటే మాత్రం ఎస్సూ పోతుంది, గుర్తూ పోతుంది: 90-డే నోటీస్ పీరియడ్. “ఐ యామ్ 25 ఇయర్స్ ఓల్డ్” అన్నప్పుడు అసలు ‘యొక్క’ లేదు, గుర్తు కూడా వద్దు.

సమస్య: గేటు మీద పేరు, గృహప్రవేశం కార్డు

ది రెడ్డీ’స్ అని చెక్కించిన నేమ్‌ప్లేట్లు ఉంటాయి. కుటుంబం మొత్తాన్ని చెప్పాలంటే ది రెడ్డీస్, ది రావూస్, గుర్తేమీ లేకుండా. వాళ్ల ఇల్లు అనాలంటే ది రెడ్డీస్’ హౌస్, ఎస్ తర్వాత గుర్తు. పేరు పేరే కాబట్టి రెడ్డి చివరి వై తీసి ఐ-ఇ-ఎస్ చేయకూడదు. లేడీని లేడీస్‌గా మార్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

కార్డు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ వేస్తే, ఫ్లాట్ ఇద్దరిదీ ఒకటే కాబట్టి రెండో పేరుకే గుర్తు: రవి అండ్ సీత’స్ ఫ్లాట్. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లదైతే రవి’స్ అండ్ సీత’స్ ల్యాప్‌టాప్స్. బావమరుదులిద్దరి ఇల్లు అని రాయాల్సి వస్తే బ్రదర్స్-ఇన్-లా’స్ హౌస్ సరైనదే కానీ, నాలుకకీ కంటికీ బరువు. ది హౌస్ ఆఫ్ మై బ్రదర్స్-ఇన్-లా అని తిప్పి రాసుకోండి.