చీకటి కథ రాయడం – ఐదో పాఠం: వదిలేయడం వేరు, దాచడం వేరు

ఈసారి సంభాషణల గురించి చెప్పాలి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. నాలుగో పాఠం చదివి మీరు పంపిన కథలు చూశాక, ఈ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్తే మిగతా పాఠాలు ఎందుకూ పనికిరావనిపించింది.

పోయినసారి "అసలు సంగతి నోటితో చెప్పకుండా కథ చెప్పండి" అన్నాను. వరద రోజు, ఏటిగట్టు, ఒక నావ, అందులో ఒకరికి చోటు లేదు. ఇంతే ఇచ్చాను. సగం మందికి పైగా ఒకటే పని చేశారు. కథంతా మామూలు సంగతిలా నడిపించి ఆఖరి వాక్యంలో గుట్టు విప్పారు. కథ చెప్తున్నవాడు ఎప్పుడో చచ్చిపోయాడని ఒకరు. ఇంతసేపూ 'ఆమె' అన్నది గేదెనని ఒకరు. నావ నడిపేవాడే హంతకుడని చాలామంది. అంతా కల అని ముగించిన కథల గురించి ఇక్కడ మాట్లాడను. వాళ్ళు మొదటి పాఠం మళ్ళీ చదవాలి.

మీ వాక్యాలు మెరుగుపడ్డాయి, అది నిజం. వరద తీసిన ఇంటి గడపకి పసుపు సగం వరకే మిగిలిందని ఒకరు రాశారు. ఆ ఒక్క వాక్యం కోసం ఆ కథ మళ్ళీ చదివాను. అలాంటి చూపు ఉన్న మనిషి కూడా చివర్లో ట్విస్ట్ కోసం పరిగెత్తడం చూసి బాధేసింది.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను. 'వదిలేయండి' అంటే మీరు 'దాచండి' అనుకున్నారు. పాత్ర తనకు తానుగా ఎత్తని మాటని మీరూ ఎత్తకపోతే అది వదిలేయడం. పాత్ర కళ్ళ ముందున్నదాన్ని, పాత్ర మనసులో తిరుగుతున్నదాన్ని పాఠకుడికి కనపడకుండా చేతులు అడ్డం పెడితే అది దాచడం. మొదటిదానితో భయం పుడుతుంది. రెండోదానితో ఆశ్చర్యం పుడుతుంది, అదీ ఒక్కసారే. రెండోసారి చదివితే ఆ కథలో ఏమీ ఉండదు. మోసపోయామన్న కోపం మాత్రం ఉంటుంది.

దృష్టికోణం, అంటే కథని ఎవరి కళ్ళతో చూపిస్తున్నామన్నది, మళ్ళీ వివరించను. నేరుగా ఒక ఉదాహరణలోకి వెళ్దాం.

మన గోదావరి డెల్టాలో ఏటా ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. మిగతా పది నెలలూ నిండుగా పారే కాలువ అడుగు కనపడేది అప్పుడే. ధవళేశ్వరంలో తలుపులు దించాక నీరు తగ్గుతూ తగ్గుతూ మడుగులుగా మిగులుతుంది. పిల్లలు చేపలకి దిగుతారు. పూడిక తీసేవాళ్ళు వస్తారు. ఏడాదంతా అందులో ఎవరెవరు ఏం పారేశారో అప్పుడు బయటపడుతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టా అంతా ఈ కాలువల మీదే బతుకుతోంది. చీకటి కథ రాసేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు. అయినా మీరంతా శ్మశానానికే వెళ్తున్నారు.

ఇప్పుడు ఒక మనిషి. సత్తిరాజు అనుకుందాం. కాలువ కట్టేసిన ప్రతి ఏడూ రావిచెట్టు రేవులోకి అందరికంటే ముందు దిగేది అతనే. నాలుగేళ్ళ కిందట అతని అన్న కనపడకుండా పోయాడు. మోటారు సైకిలూ కనపడలేదు. అదెక్కడుందో సత్తిరాజుకి తెలుసు.

మీరు పంపిన పద్ధతిలో ఈ కథ ఎలా ఉంటుందో ఊహించగలను. సత్తిరాజు తెల్లారే లేస్తాడు. కొరమేను పులుసు తలుచుకుంటాడు. చిన్నప్పుడు అన్నతో కలిసి చేపలు పట్టిన రోజులు గుర్తు చేసుకుంటాడు. హుషారుగా కాలువలో దిగుతాడు. ఆఖరి వాక్యంలో బురదలోంచి హ్యాండిల్ కనపడుతుంది, 'తను తోసిన బండి' అని చెప్పి కథ ముగుస్తుంది.

దీంట్లో అబద్ధం ఎక్కడుంది? పేజీ పొడుగునా మనం సత్తిరాజు తలలో ఉన్నాం. ఆ తలలో పులుసు ఉంది, చిన్నతనం ఉంది, గాలి చల్లగా ఉంది. అన్నని చంపినవాడు అదే చోటికి నడుస్తూ పులుసు గురించి ఆలోచిస్తాడా? ఆలోచిస్తే ఆలోచించవచ్చు, కానీ ఆ పులుసు కింద ఇంకోటి కదులుతూ ఉండాలి. రచయితకి అది తెలిసీ ఒక్క అక్షరం బయటికి రానివ్వలేదు. పాఠకుడు మిమ్మల్ని నమ్మి ఆ తలలోకి వచ్చాడు. వచ్చినవాడి కళ్ళకి గంతలు కట్టారు. నాకు మండేది ఇక్కడే. భయపెట్టడానికి ముందు నమ్మకం కావాలి. చీకట్లో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నవాణ్ణి నమ్మితేనే ఆ చెయ్యి వదిలేసినప్పుడు గుండె ఆగుతుంది.

ఇప్పుడు అదే కథ, దాచకుండా:

"నీళ్ళు మోకాళ్ళ లోతుకి దిగేసరికే సత్తిరాజు కాలువలో ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, పార భుజాన వేసుకుని రావిచెట్టు రేవులో దిగాడు. పిల్లలు వచ్చేసరికి ఒకచోట బురద తీసి ఇంకోచోట పోస్తున్నాడు.

'బాబాయ్, వలేదీ?'

'తూము దగ్గరికి పొండిరా. మట్టగిడసలు అక్కడున్నాయి.'

పిల్లలు పరిగెత్తారు. ఒకడు మాత్రం గట్టు మీదే ఉండిపోయాడు. సత్తిరాజు వాడికేసి చూడలేదు. పార తిరగేసి బురదని చదును చేశాడు. వెనక్కి అడుగేసి చూసుకుని, మళ్ళీ వెళ్ళి ఇంకాస్త పోశాడు.

'నాన్న కూడా పార ఇలాగే భుజాన వేసుకునేవాడంట బాబాయ్. అమ్మ చెప్పింది.'

'అవునురా,' అన్నాడు సత్తిరాజు. 'ఈ పార మీ నాన్నదే.'"

ఇందులో హత్య లేదు, బండి లేదు, అన్న మాయమైన సంగతీ లేదు. అయినా ఏదీ దాచలేదు. సత్తిరాజు చేసిన ప్రతి పనీ మీరు చూశారు. వల తేలేదని ఒక పిల్లాడే అడిగాడు. అతను జవాబు చెప్పలేదు, వేరేచోటు చూపించాడు. ఒకసారి పోశాక మళ్ళీ వెళ్ళి 'ఇంకాస్త' పోశాడు. ఆ ఇంకాస్తలోనే కథంతా ఉంది. చివర్లో అతను చెప్పింది పచ్చి నిజం. పిల్లాడికి అది మురిపెంగా వినపడింది, మనకి వేరేలా వినపడింది. 'కప్పాడు' అని నేను ఎక్కడా అనలేదు, 'పోశాడు' అన్నాను. గట్టు మీద నుంచి చూసేవాడికి కనపడేది అదే కాబట్టి.

ఈ కథలో పాఠకుడికి సంగతి సగంలోనే అర్థమైపోతుంది. అర్థమైపోనివ్వండి. 'ఏం జరిగింది' అన్న ప్రశ్న తీరిపోయాక 'ఈ పిల్లాడికి తెలుస్తుందా' అన్న ప్రశ్న మొదలవుతుంది. రెండోదాన్ని పాఠకుడు ఇంటికి తీసుకెళ్తాడు.

మనిషి బయట నిలబడి రాయడం నాకిష్టం. కొందరికి పాత్ర తలలోకి వెళ్ళడమే ఇష్టం. వెళ్ళండి, కానీ అక్కడున్నదంతా చూపించండి. తప్పు చేసినవాడు దాన్ని పేరు పెట్టి తలుచుకోడు, చుట్టూ తిరుగుతాడు. పార పిడి మార్చాలనుకుంటాడు, ఈ ఏడు కాలువ పది రోజులు ముందే కట్టేశారని లెక్క వేస్తాడు, పూడిక పని ఈసారి కాలువలో ఏ ముక్కకి (రీచ్‌కి) ఒప్పుకున్నారో ఎవరిని అడిగితే అనుమానం రాదో ఆలోచిస్తాడు. ఆ ఆలోచనలు రాస్తే చాలు, నేరం గురించి ఒక్క ముక్క రాయక్కర్లేదు.

ఇక మీ వరద కథల దగ్గరికి వస్తాను. ఒక కథలో కొడుకు ఏటి నడుమనున్న లంకలోంచి పెళ్ళాం బిడ్డలతో నావ ఎక్కి గట్టుకి చేరతాడు. తల్లిని డాబా మీద వదిలేశాడని ఆఖరి వాక్యంలో తెలుస్తుంది. ఈ కథని ఇలా తిప్పండి. మొదటి వాక్యమే "అమ్మని డాబా మీద ఉంచి వచ్చాం" అని రాయండి. గుట్టు అయిపోయింది. ఇప్పుడు కథ పునరావాస కేంద్రంలో నడుస్తుంది. పులిహోర పొట్లాలు పంచుతున్నారు.

"'ఎంతమంది బాబూ మీరు?'

'ఆరుగురమండి.'

ఐదుగురూ తిన్నారు. ఆరో పొట్లాన్ని కోడలు చీర కొంగు కింద పెట్టుకుంది."

ఆ పొట్లాన్ని ఏం చేస్తారన్నదే కథ. రాత్రి పిల్లాడు ఆకలి అంటాడు. తెల్లారేసరికి పాచిపోతుంది. మీకు ఇంకేం కావాలి?

ఈ కథలో గడియారం కూడా సిద్ధంగా ఉంది, ఎవరూ వాడలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పుట్టినవాళ్ళకి ఈ అంకెలు నోటికి వచ్చు. కేంద్రంలో ఎవరి ఫోన్‌లోనో వార్తలు వస్తుంటాయి. 13.75 అన్న మాట వినపడగానే కొడుకు లేచి బయటికి వెళ్తాడు. మీరు "అతని గుండె దడదడలాడింది" అని రాయక్కర్లేదు. ఆ వాక్యం రాసినవాళ్ళంతా దాన్ని కొట్టేసి ఆ చోట ఈ అంకె పెట్టి చూడండి.

ఇంకో సంగతి. పైన భద్రాచలంలో నీరు తగ్గుముఖం పట్టిందని చెప్తున్నప్పుడు కింద లంకల్లో ఇంకా పెరుగుతూ ఉంటుంది. అక్కడి నీరు ఇక్కడికి రావడానికి టైం పడుతుంది. "భద్రాచలంలో 53 అడుగుల నుంచి దిగిపోయిందంట, ఇంక భయం లేదు" అని కేంద్రంలో జనం ఊపిరి పీల్చుకుంటారు. కొడుకు ఒక్కడే పీల్చుకోడు. మంచి వార్త విని భయపడే మనిషిని చూపించారంటే మీరు ఈ విద్యలో సగం దాటినట్టే.

అన్ని కథలూ రాత్రే ఎందుకు జరుగుతాయో నాకు అర్థం కాలేదు. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లో అవుట్ అయి అంటుకున్నప్పుడు మంట 65 రోజులు ఆరలేదు. ఆ చుట్టుపక్కల రాత్రి కూడా వెలుతురే. నీడలు ఎటు పడతాయి, పశువులు ఎప్పుడు పడుకుంటాయి, దొంగతనానికి వెళ్ళేవాడు ఎక్కడ నక్కుతాడు, ఇలాంటివి ఆలోచించండి. మధ్యాహ్నం రెండు గంటలకి జరిగే చీకటి కథ ఒకటైనా పంపండి.

రొయ్యల చెరువు మీద దెయ్యం కథ పంపినవారికి: చెరువు మీద కాపలా పడుకునేవాడికి నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు జోలపాట. అది ఆగిపోతేనే మెలకువ వస్తుంది. దెయ్యాన్ని తీసేసి ఆ నిశ్శబ్దాన్ని ఉంచండి. గాలి అందకపోతే రొయ్య ఎంతోసేపు బతకదు, అప్పు చేసి వేసిన పంట అది. అతను కరెంటు పోయిందా, ఎవరైనా తీశారా అని చూడటానికి వెళ్తాడు. అక్కణ్ణుంచి మీరే రాయగలరు.

1996 నవంబరు 6 తుపాను రాత్రిని కథలోకి తెచ్చినవాళ్ళకి ఒక మాట చెప్పాలి. కోనసీమలో ఆ రాత్రి పోయినవాళ్ళ ఫోటోలు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి. ఆ తేదీని వాడుకోవద్దని అనను, కానీ మీ హంతకుడికి చక్కటి గాలివాన కావాలి కాబట్టి వాడుకుంటే మాత్రం ఒప్పుకోను. ఊరికే గాలివాన కావాలంటే పేరు లేని గాలివాన పెట్టుకోండి. ఆ తేదీ వేశారంటే, ఆ రాత్రి కొబ్బరి చెట్టు కరుచుకుని బతికిన మనిషి మీ కథ చదువుతాడన్న లెక్కతో ప్రతి వాక్యం రాయాలి.

నేను వాడే ఒక అడ్డదారి చెప్తాను. చిత్తుప్రతి అయ్యాక ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో మూడు అక్షరాలు వేస్తాను: పా, చ, ఊ. ఈ పేరా ముగిసేసరికి అసలు సంగతి పాత్రకి తెలుసా, చదివేవాడికి తెలుసా, ఊళ్ళోవాళ్ళకి తెలుసా. తెలిసినవాళ్ళ అక్షరానికి సున్నా చుడతాను. 'పా' చుట్టూ సున్నా ఉండి 'చ' చుట్టూ కథ చివరి దాకా లేదంటే నేను దాస్తున్నానని అర్థం. 'పా', 'చ' రెంటికీ సున్నాలుండి 'ఊ' ఖాళీగా ఉంటే కథకి ప్రాణముంది. సత్తిరాజు కథలో చివరిదాకా ఖాళీగా ఉండేది 'ఊ' ఒక్కటే, ఆ పిల్లాడు ఉన్నది అందులోనే.

అభ్యాసం ఈసారి పెద్దది. నాలుగో పాఠానికి పంపిన కథే తీసుకోండి, కొత్తది వద్దు. ఆఖరి వాక్యాన్ని మొదటి వాక్యం చేయండి. ఆ తర్వాత కథంతా మళ్ళీ రాయండి, 600 మాటలు దాటకూడదు. పాత కాగితం ముందు పెట్టుకుని దిద్దితే కుదరదు, దాన్ని వేరే గదిలో పెట్టి రాయండి. భయం, వణుకు, దడ, చెమట, చీకటి అన్న మాటలు ఒక్కటీ ఉండకూడదు. మూడు చుక్కలు, ఆశ్చర్యార్థకాలు ఉండకూడదు. కనీసం ఒక పాత్ర మొదటినుంచి చివరిదాకా ఏదో ఒక చేతిపని చేస్తూ ఉండాలి: కొబ్బరికాయ ఒలవడం, వల కుట్టడం, ధాన్యం ఎగరబోయడం, ఏదైనా సరే. ఆ పని మీకు చేతకాకపోతే, వచ్చినవాళ్ళ పక్కన ఒక పూట కూర్చుని చూసి రండి. చేతులు ఎక్కడ ఆగుతాయో రాసుకోండి. కథలో మాట తడబడాల్సిన చోట్ల ఆ చేతులు ఆగాలి.

రాశాక ఇంట్లో కథలు చదివే అలవాటు లేని పెద్దవాళ్ళెవరికైనా బయటికి చదివి వినిపించండి. మధ్యలో వాళ్ళు ఏమడిగారో అంచున రాయండి. "ఇంతకీ ఏమైంది" అని అడిగితే మీరింకా దాస్తున్నారు. "అయ్యో, ఆ పిల్లాడికి తెలుస్తుందా" అని అడిగితే నాకు పంపండి. పాత ప్రతి, కొత్త ప్రతి, పెన్సిల్ గుర్తులు, వాళ్ళడిగిన ప్రశ్నలు, నాలుగూ కలిపి పంపాలి. పెన్సిల్ గుర్తులు లేని కథలు చదవను.