ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న ఇంటర్న్‌లకు పని ఎలా అప్పగించాలి

ఒంగోలు పరిసరాల రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే మా ప్రయోగశాలకు డిగ్రీ విద్యార్థులు ఇంటర్న్‌షిప్ కోసం వస్తుంటారు. వారిలో ఆటిజం (ఇతరులతో మాట్లాడే, మెలిగే తీరు, శబ్దాల వంటివి తాకే తీరు వేరుగా ఉండే స్థితి) ఉన్న ఒక అమ్మాయికి మొదటి రోజు నేను "ఈ సీసాలు చూసి పక్కన పెట్టమ్మా" అని చెప్పాను. ఆమె ప్రతి సీసానూ శ్రద్ధగా చూసి, వరుసగా పక్కన పెట్టింది. పరీక్షలు మాత్రం జరగలేదు. అమ్మోనియాను ఆలస్యంగా చూస్తే ఫలితం నమ్మలేము కనుక, మళ్లీ నీళ్లు తెమ్మని రైతును అడగవలసి వచ్చింది. లోపం ఆమెలో లేదు, నేను చెప్పిన తీరులో ఉంది.

కాబట్టి మొదట దిద్దుకోవలసింది మన మాటనే. మరునాడు "సీసా మీద చెరువు నంబరు రాయాలి, ముందు పీహెచ్, తరువాత అమ్మోనియా, చివర ఉప్పుశాతం చూడాలి, 11 గంటలలోపు రిజిస్టరులో ఎక్కించాలి" అని కాగితం మీద రాసి ఆమె బల్ల ఎదుట అంటించాను. ఆ రోజు నుంచి ఆమె రిజిస్టరు మా అందరి రిజిస్టర్లకంటే శుభ్రంగా ఉండేది. "త్వరగా", "కాస్త", "వీలు చూసుకుని" అనే మాటలు మాని గంటను, సంఖ్యను చెప్పాలి. ఏడీహెచ్‌డీ (ఒకే పని మీద ధ్యాస నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే స్థితి) ఉన్నవారికి ఐదు పనులు ఒక్కసారే చెప్పకుండా, ఒకటి ముగిశాక మరొకటి అప్పగించడం మేలు. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) ఉంటే పొడవైన రాతకు బదులు చేసి చూపించవచ్చు, లేదా వాయిస్ మెసేజ్ పంపవచ్చు. ఎవరికి ఏది అనుకూలమో వారినే అడగాలి. వెంట వచ్చిన తల్లిదండ్రులను అడిగి సరిపెట్టుకోకూడదు.

ఉదయం రైతులు గుంపుగా వచ్చినప్పుడు మాటల హోరుకు ఆ అమ్మాయి చేతులు ఆగిపోయేవి. బల్లను వెనుక గదిలోకి మార్చాము; దానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల వంటి చోట్ల రాయి కోసే యంత్రాలకు దూరంగా ఉండే పనిని ముందే ఎంచి పెట్టడం మంచిది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు (డిస్లెక్సియా వంటివి) ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో లేదు. అయినా ఒక కాగితం రాసి అంటించడానికి ఎవరి ధ్రువపత్రమూ అడగనక్కరలేదు. ఇంటర్న్ తన పరిస్థితిని నమ్మి చెప్పుకుంటే, అనుమతి లేకుండా దానిని తోటివారికి చెప్పకూడదు. తప్పు దొర్లితే అదే రోజు, పక్కకు పిలిచి, ఏ అంకె ఎక్కడ మారిందో చూపించాలి. ఆ సమయంలో కళ్లలోకి చూసి మాట్లాడమని పట్టుబట్టకూడదు.