కణంలో చక్కెర ప్రయాణం – మూడవ పాఠం: ఆరు కార్బన్ల లెక్క

ఏటీపీ అణువు శక్తిని ఎలా మోసుకుపోతుందో క్రితం పాఠంలో చూశాం. ఆ ఏటీపీని తయారుచేయడానికి కణం గ్లూకోజ్‌ను విడగొట్టే తొలి దశ గ్లైకాలిసిస్. ఇందులో వరసగా పది చర్యలు జరుగుతాయి. వాటి పేర్లను వల్లెవేసినవారికి అవి ఎంతో కాలం గుర్తుండవు. ప్రతి చర్య తరువాత అణువులో ఎన్ని కార్బన్లున్నాయో, ఎన్ని ఫాస్ఫేట్లున్నాయో రాసుకుంటూ పోయినవారు మాత్రం పేరు మరిచిపోయినా దారి తప్పరు. ఈ పాఠంలో మనం అలవరచుకోవలసిన నేర్పు అదే.

ఒక కాగితం మీద ఆరు చిన్న సున్నాలను నిలువు వరసలో గీసి, పైనుంచి కిందికి 1 నుంచి 6 వరకు అంకెలు వేయండి. ఇదే మన గ్లూకోజ్. ఈ దశ అంతా కణద్రవ్యంలోనే జరుగుతుంది; దీనికి ఆక్సిజన్‌తోగాని మైటోకాండ్రియాతోగాని పని లేదు. బతికి ఉన్న కణం కూడా తప్పనిసరి కాదని ఎడ్వర్డ్ బుక్నర్ 1897లో చూపించాడు: ఈస్ట్‌ను నూరి పిండి తీసిన రసం కూడా చక్కెరను పులియబెట్టింది. అప్పటినుంచే ఈ చర్యలను కణం బయట, ఒక్కొక్కటిగా పరిశీలించడం సాధ్యమైంది.

మొదట ఖర్చు. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ ఒక ఏటీపీ నుంచి ఫాస్ఫేట్‌ను తీసి 6వ కార్బన్‌కు తగిలిస్తుంది. ఫాస్ఫేట్‌కు రుణావేశం ఉండటం వల్ల, అది తగిలిన చక్కెర కణత్వచాన్ని దాటి బయటికి పోలేదు. రెండవ చర్యలో గ్లూకోజ్ రూపం ఫ్రక్టోజ్ రూపంగా మారుతుంది. మూడవ చర్యలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ ఇంకొక ఏటీపీని ఖర్చుపెట్టి 1వ కార్బన్‌కు కూడా ఫాస్ఫేట్‌ను చేరుస్తుంది. కణంలో ఏటీపీ సమృద్ధిగా ఉన్నప్పుడు ఈ ఎంజైమ్ నెమ్మదిస్తుంది కాబట్టి, మొత్తం దారికి ముఖ్యమైన అదుపు ఇక్కడే ఉంది. మీ కాగితం మీద ఇప్పుడు కార్బన్లు ఆరు, రెండు కొసలా ఫాస్ఫేట్లు రెండు, ఖర్చు రెండు ఏటీపీలు.

నాలుగవ చర్య దగ్గర కాస్త నిదానంగా చూడాలి. ఆల్డొలేజ్ ఈ అణువును 3, 4 కార్బన్ల మధ్య తెంపుతుంది. పై ముక్కలో 1, 2, 3. కింది ముక్కలో 4, 5, 6. రెండింటిలోనూ మూడేసి కార్బన్లు, ఒక్కొక్క ఫాస్ఫేట్ ఉన్నా అవి ఒకేలా లేవు: కింది ముక్కలో 4వ కార్బన్ ఆల్డిహైడ్‌గా (కొసన ఆక్సిజన్‌తో జంట బంధం) ఉంటే, పై ముక్కలో మధ్యనున్న 2వ కార్బన్ కీటోన్‌గా (మధ్యలో అదే జంట బంధం) ఉంటుంది. ముందుకు సాగగలిగేది ఆల్డిహైడ్ ముక్క ఒక్కటే. అందువల్ల అయిదవ చర్యలో ఒక ఐసోమరేజ్ పై ముక్కను కూడా అదే రూపానికి మారుస్తుంది. అప్పుడు 3వ కార్బన్ ఆల్డిహైడ్ అవుతుంది. అంటే 3వ కార్బన్ 4వదాని స్థానంలోకి, 2వది 5వదాని స్థానంలోకి, 1వది 6వదాని స్థానంలోకి వచ్చాయి. ఈ జతలను కాగితం మీద తప్పక రాసుకోండి. ఇకపై జరిగే ప్రతి చర్యా రెండుసార్లు జరుగుతుందన్నది కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. లెక్క తప్పేవారిలో చాలామంది తప్పేది ఈ రెట్టింపు దగ్గరే.

ఆరవ చర్యలో ఆల్డిహైడ్ ఆక్సీకరణం చెందుతుంది. అది వదిలిన ఎలక్ట్రాన్లను, ఎలక్ట్రాన్లను మోసే అణువైన ఎన్‌ఏడీ అందుకుని ఎన్‌ఏడీహెచ్‌గా మారుతుంది. విడుదలైన శక్తితో, ఏటీపీ ఖర్చు లేకుండానే, కణద్రవ్యంలోని మరొక ఫాస్ఫేట్ వచ్చి చేరుతుంది. నా దృష్టిలో గ్లైకాలిసిస్‌కు గుండెకాయ ఈ చర్యే. ఏడవ, పదవ చర్యల్లో ఒక్కొక్క ముక్క తన రెండు ఫాస్ఫేట్లను ఏడీపీకి (ఒక ఫాస్ఫేట్ తక్కువైన ఏటీపీకి) ఇచ్చేస్తుంది. మొత్తం రాబడి నాలుగు ఏటీపీలు, ఖర్చు పోగా మిగిలేవి రెండు. చివరికి మన చేతిలో ఉండేవి మూడేసి కార్బన్లున్న రెండు పైరువేట్ అణువులు, రెండు ఎన్‌ఏడీహెచ్‌లు. ఒక మోల్ గ్లూకోజ్ పూర్తిగా దహనమైతే సుమారు 2,870 కిలోజౌళ్లు విడుదలవుతాయి. ఈ రెండు ఏటీపీలలో చేరింది ప్రామాణిక పరిస్థితుల లెక్కన సుమారు 61 మాత్రమే. మిగిలినదానిలో అధిక భాగం ఇంకా పైరువేట్‌లోనే ఉంది.

కణంలో ఎన్‌ఏడీ కొద్ది మోతాదులోనే ఉంటుంది కనుక, ఎన్‌ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను ఎవరికైనా అప్పగించకపోతే ఆరవ చర్య ఆగిపోతుంది. మైటోకాండ్రియా లేని ఎర్ర రక్తకణాలు వాటిని పైరువేట్‌కే ఇచ్చి లాక్టేట్‌ను తయారుచేస్తాయి. ఈస్ట్ అయితే పైరువేట్ నుంచి ముందు కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించి, మిగిలిన రెండు కార్బన్ల ముక్కకు ఎలక్ట్రాన్లను ఇచ్చి ఆల్కహాలుగా మారుస్తుంది.

అభ్యాసం: ఆల్డిహైడ్‌గా ఉన్న కార్బనే పైరువేట్‌లో ఆమ్లపు కొస అవుతుంది, మొదటినుంచీ ఫాస్ఫేట్ ఉన్న కొస మిథైల్ (మూడు హైడ్రోజన్లున్న కార్బన్) అవుతుంది. గ్లూకోజ్‌లో 1వ కార్బన్‌కు ఎర్ర రంగు, 3వదానికి నీలి రంగు వేసి పది చర్యల వెంట నడిపించండి. ఈస్ట్‌లో ఆమ్లపు కొస కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అలా బయటపడే వాయువులో ఏ రంగు కనిపిస్తుంది? ఆల్కహాలులో ఏది మిగులుతుంది? ఎర్ర రక్తకణంలోనైతే ఈ రెండు రంగులూ ఎక్కడ ఉంటాయి? మీ జవాబులను తరువాతి పాఠం మొదట్లో సరిచూసుకుని, అక్కడినుంచి పైరువేట్‌తోపాటు మైటోకాండ్రియాలోకి వెళదాం.