బ్యాక్‌ఫ్లో టెస్ట్ ఫెయిలైందా? రిపేరు కిట్ కొనేముందు రెండో షటాఫ్ వాల్వ్ చూడండి

డల్లాస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లకీ హోటల్ పెట్టుకున్న మనవాళ్లకీ ఏదో ఒక రోజు సిటీ నీళ్ల డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం వస్తుంది. బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ (మన పైపుల్లో నీళ్లు వెనక్కి వీధి లైన్లోకి పోకుండా ఆపే పరికరం) టెస్ట్ గడువు దగ్గరపడింది, రిపోర్టు పంపండి అని. ఆ ఉత్తరాన్ని రెండు నెలలు ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంచుతారు. చివరి వారంలో ఎవరినో పిలుస్తారు, అతను పావుగంట చూసి "ఫెయిల్, మొత్తం మార్చాలి" అంటాడు, అప్పుడు నాకు ఫోను. "అన్నా, వెయ్యి డాలర్లు అంటున్నాడు, నిజమేనా?"

ఒక్కోసారి నిజమే. చాలాసార్లు కాదు.

అసలు ఇదెందుకని ఇంకా అడిగేవాళ్ల కోసం ఒక్క ముక్క. ఊళ్లో నల్లాకి నేరుగా మోటారు బిగించి లాగితే ఏమవుతుందో మనకు తెలుసు, పైపులో ప్రెషర్ పడిపోయి చుట్టుపక్కల ఉన్న మురికి కూడా లోపలికి వస్తుంది. ఇక్కడ మోటారు ఉండదు కానీ వీధిలో మెయిన్ పగిలినా, ఫైర్ ఇంజన్ నీళ్లు లాగినా అదే జరుగుతుంది, మీ లాన్‌లో ఎరువు కలిసిన నీళ్లు వెనక్కి నడుస్తాయి. 2016 డిసెంబరులో ఇదే టెక్సాస్‌లో కార్పస్ క్రిస్టీ నగరంలో ఒక తారు ప్లాంట్ దగ్గర నుంచి కెమికల్ నీళ్ల లైన్లోకి వెనక్కి వెళ్లిందన్న అనుమానంతో ఊరు మొత్తానికి కుళాయి నీళ్లు ముట్టొద్దన్నారు. దాదాపు నాలుగు రోజులు, సుమారు మూడు లక్షల మంది. కాబట్టి సిటీ వాళ్లను తిట్టుకోకండి.

ఇక లక్షణాలకి వద్దాం. గేజ్ బిగించడం, హోసుల్లోంచి గాలి తీయడం మీకు వచ్చనే అనుకుంటున్నా. లైసెన్స్ లేనివాళ్లు కూడా చదవండి, కానీ రిపోర్టు మీద సంతకం మాత్రం టీసీఈక్యూ (టెక్సాస్ పర్యావరణ కమిషన్) లైసెన్స్ ఉన్న టెస్టరే పెట్టాలి.

స్ప్రింక్లర్ లైన్ మీద డబుల్ చెక్, రీడింగ్ 1 పీఎస్‌ఐ కంటే తక్కువ

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే, మీటరు దగ్గర భూమిలో ఆకుపచ్చ మూత పెట్టెలో. రెండు చెక్ వాల్వులు (నీళ్లను ఒకవైపే పోనిచ్చేవి), ఒక్కోటీ కనీసం 1 పీఎస్‌ఐ ప్రెషర్ నిలబెట్టాలి. 0.4 చూపించిందంటే సీటు (చెక్ వచ్చి కూర్చునే అంచు) మీద ఏదో ఇరుక్కుంది. ఇసుక రేణువు, టెఫ్లాన్ టేపు ముక్క, పీవీసీ పైపు కోసినప్పుడు రాలిన పొట్టు. వీధిలో మెయిన్ రిపేరు జరిగిన నెలలో ఈ ఫోన్లు వరసగా వస్తాయి, అక్కడే అర్థం చేసుకోవాలి.

ముందు ఫ్లష్ చేయండి. పెద్ద స్ప్రింక్లర్ జోన్ ఒకటి ఆన్ చేసి రెండు మూడు నిమిషాలు నీళ్లు పారనిచ్చి మళ్లీ టెస్ట్ పెట్టండి. ఇంత చిన్న పని ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దానికి లొంగకపోతే పరికరానికి అటూ ఇటూ ఉన్న రెండు షటాఫ్‌లూ (నీళ్లు కట్టేసే వాల్వులు, వీధి వైపుది మొదటిది, ఇంటి వైపుది రెండోది) మూసి మూత విప్పి, చెక్ బయటికి తీసి, సీటును గోరుతో తడిమి చూసి, రబ్బరు మీద గాడి పడి ఉంటే రిపేరు కిట్ (కొత్త రబ్బరు భాగాలు) వేయండి. కొన్ని మోడళ్లలో రబ్బరు డిస్క్ తిరగేసి వాడుకోవచ్చు, ఆ పూట గడుస్తుంది. ఓ-రింగులకి గ్యారేజీలో దొరికిన గ్రీజు పూయకండి, పెట్రోలియం గ్రీజుకి ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. తాగే నీళ్లకి పనికొచ్చే సిలికాన్ గ్రీజే వాడండి.

పెట్టె నిండా బురద నీళ్లుంటే ముందు తోడేయండి. టెస్ట్ కాక్‌లు (గేజ్ బిగించే చిన్న కుళాయిలు) బురదలో మునిగి ఉండగా తెరిస్తే మీరు శుభ్రం చేయడానికి వచ్చిన చెత్తను మీరే లోపలికి పంపిస్తున్నారు.

టెస్ట్ పాస్, కానీ ఆర్‌పీజెడ్ కింద నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి

ఆర్‌పీజెడ్ అంటే రెడ్యూస్డ్ ప్రెషర్ జోన్ పరికరం, హోటళ్లకీ క్లినిక్‌లకీ పెట్టేది ఇది. రెండు చెక్‌ల మధ్య కింద ఒక రిలీఫ్ వాల్వ్. లోపల తేడా వస్తే నీళ్లను వెనక్కి పోనివ్వకుండా నేలపాలు చేస్తుంది. కాబట్టి కింద నీళ్లు కనిపించగానే రిలీఫ్ వాల్వ్ పాడైందనుకుంటారు. నేనూ అలాగే అనుకుని దెబ్బ తిన్నాను.

ఇర్వింగ్‌లో మనవాళ్ల హోటల్ ఒకటి. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి టెస్ట్ చేశాను. మొదటి చెక్ 7.2. మామూలుగా 5 దాటి ఉంటే చాలు. రిలీఫ్ 2.6 దగ్గర తెరుచుకుంది, 2 కంటే కింద అయితే ఫెయిల్. రెండో చెక్ కూడా పట్టుకుంది. రిపోర్టు పంపించి డబ్బులు తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి పదకొండింటికి ఓనరు ఫోను. "తమ్ముడూ, కింద బకెట్ పెట్టాం, గంటకోసారి నిండుతోంది."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను, చుక్క లేదు. రిలీఫ్ కిట్ మార్చేశాను, మళ్లీ టెస్ట్ పెడితే అన్నీ బంగారంలా ఉన్నాయి. రాత్రికి మళ్లీ బకెట్.

మూడోసారి హోటల్ మూసేశాక రాత్రి వెళ్లి దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నా. ధారగా కారుతోంది. వంటింట్లో ఒక కుళాయి తిప్పమన్నాను, ఆగిపోయింది. కట్టేయమన్నాను, మళ్లీ మొదలు. అప్పుడు వెలిగింది నాకు. నీళ్లు వాడితే ఆగి, వాడకపోతే కారుతుందంటే రిలీఫ్ తప్పేం లేదు, మొదటి చెక్ సరిగా కూర్చోవట్లేదు. నీళ్లు పారుతున్నంతసేపూ ఆ పారకం వల్లే చెక్‌కి అటూ ఇటూ ప్రెషర్ తేడా నిలబడి రిలీఫ్ మూసుకుని ఉంటుంది. పారకం ఆగగానే చెక్ దగ్గర లీకయి తేడా పడిపోతుంది, రిలీఫ్ తెరుచుకుంటుంది. అది తన పని తాను చేస్తోంది పాపం, నేనేమో దాని కిట్ మార్చాను.

సరే, మరి పగలు టెస్ట్‌లో 7.2 ఎలా వచ్చింది? టెస్ట్ అప్పుడు రెండో షటాఫ్ మూసే ఉంది కదా, పారకం ఎక్కడిది?

అక్కడే ఉంది మోసం. రెండో షటాఫ్ మూసుకోవట్లేదు. హ్యాండిల్ అడ్డంగా తిరిగింది, చూడ్డానికి మూసినట్టే ఉంది, లోపల బాల్ చుట్టూ ఉండే సీటు అరిగిపోయి సన్నగా నీళ్లు వదులుతోంది. వంటింట్లో ఆ టైములో గిన్నెలు కడుగుతున్నారు. అంటే నేను ఆగిన నీళ్ల మీద కాదు, పారుతున్న నీళ్ల మీద టెస్ట్ చేశాను, ఆ పారకం చెడ్డ చెక్‌ని మంచి చెక్‌లా చూపించింది. ఇంతకన్నా సిగ్గుచేటు ఏంటంటే ఆ రోజు సింక్ దగ్గర ఉన్న కుర్రాడు వచ్చి "అన్నా, నీళ్లు బాగా సన్నగా వస్తున్నాయి" అన్నాడు. నేను మొత్తం కట్టేశాక సన్నగా ఎలా వస్తాయి, అసలు రాకూడదు కదా! "పది నిమిషాలు ఆగు బాబూ" అన్నాను.

ఇంకో ఆనవాలు కూడా దాటేశాను. రిలీఫ్ తెరిపించేటప్పుడు గేజ్ మీది లో సైడ్ నీడిల్ వాల్వ్‌ని పావు చుట్టు మించి తిప్పకూడదని క్లాసులో మొదటి వారమే చెబుతారు. ఆ రోజు పావు తిప్పినా గేజ్ ముల్లు దిగలేదు. నేను అర చుట్టు తిప్పి దించేశాను. పావు చుట్టుతో దిగట్లేదంటే కింద ఎక్కడో నీళ్లు పోతున్నాయని అది చెబుతోంది, నేను దాని నోరు నొక్కేశాను.

ఆ రాత్రి కుళాయిలన్నీ కట్టించి మళ్లీ గేజ్ పెడితే మొదటి చెక్ రీడింగ్ నేరుగా రిలీఫ్ పాయింట్‌కి జారిపోయింది. విప్పితే సీటు మీద కందిగింజంత రాయి. రాయి తీసి, రబ్బరు మార్చి, వారం తర్వాత ప్లంబర్‌తో రెండో బాల్ వాల్వ్ మార్పించాం. రిలీఫ్ కిట్ డబ్బులు నేను వెనక్కి ఇచ్చేశాను, ఇవ్వకపోతే ఆ హోటల్లో దోసె ఎలా తింటాను?

కాబట్టి ఇది చేయండి, ఒక్క నిమిషం పని. రెండో షటాఫ్ మూయండి. ఆ లైన్ మీదున్న కుళాయి ఒకటి తెరవండి. పైపులో మిగిలిన నీళ్లు పోయాక ఆగిపోవాలి. నిమిషం తర్వాత కూడా సన్నగా దారంలా వస్తోందంటే ఆ వాల్వ్ పట్టట్లేదు, మీరు రాసుకునే ఏ రీడింగూ నమ్మకానికి పనికిరాదు. స్ప్రింక్లర్ లైనైతే జోన్ వాల్వ్ సోలెనాయిడ్‌ని చేత్తో కొంచెం తిప్పి జోన్ తెరవండి, కాసేపట్లో స్ప్రింక్లర్ తలల్లో నీళ్లు ఆగిపోవాలి. గేజ్‌తోనే చూడాలంటే, ఆర్‌పీజెడ్‌లో బైపాస్ హోసుతో నాలుగో టెస్ట్ కాక్‌కి నీళ్లు ఇచ్చి రెండో చెక్ చూశాక రెండో టెస్ట్ కాక్ మూసి ముల్లుని చూడండి. నిలబడితే మంచిది, సున్నాకి జారితే రెండో షటాఫ్ లీకే. ఈ మెట్టు ప్రొసీజర్‌లోనే ఉంది. అందరూ దాటేసేదీ ఇదే.

డబుల్ చెక్‌లో ఇది ఇంకోలా కనిపిస్తుంది. రెండో చెక్ టెస్ట్ చేస్తూ నాలుగో కాక్ తెరిస్తే నీళ్లు కాసేపు కారి ఆగాలి. ఆగకుండా వస్తూనే ఉంటే రెండు షటాఫ్‌లలో ఏదో ఒకటి వదులుతోంది. అవతల జోన్ ఒకటి తెరిచి ప్రెషర్ వదిలేయండి, కాక్ దగ్గర ధార ఆగితే దొంగ రెండోదే. ఆగకపోతే మొదటిదాన్ని అనుమానించండి. ఏది తేలినా చెక్ కిట్ కొనడానికి పరుగెత్తకండి.

వాల్వ్ ఆ రోజు మార్చడం కుదరకపోతే? అవతలి వాడకం పూర్తిగా ఆపించి, ఐస్ మెషీన్, డిష్‌వాషర్, మాప్ సింక్ సహా, పారకం లేదని నిర్ధారించుకుని టెస్ట్ చేయొచ్చు. హోటల్ వాళ్లు "అన్నీ కట్టేశాం" అంటే నమ్మకండి, ఐస్ మెషీన్ ఎవరికీ గుర్తుండదు.

ఆర్‌పీజెడ్ అప్పుడప్పుడు ఒక్క గుక్క ఉమ్మి ఆగిపోతోంది

వీధి లైన్లో ప్రెషర్ ఊగుతోంది, లేదా టక్కున మూసుకునే వాల్వ్ ఏదో పైపుని కొడుతోంది. రోజుకి రెండు మూడు గుక్కలైతే దాన్ని వదిలేయండి. ఏకధారగా కారితేనే పైన చెప్పింది చదవండి.

పీవీబీ మూత కింద నుంచి చిమ్ముతోంది

పీవీబీ అంటే ప్రెషర్ వాక్యూమ్ బ్రేకర్, స్ప్రింక్లర్ లైన్ మీద నేలకి పైన ఉండే రకం. ఆన్ చేసిన మొదటి క్షణం చిమ్మితే మామూలే, గాలి బయటికి పోతోంది. చిమ్ముతూనే ఉంటే లోపలి పాపెట్ (గాలి దారి మూసే మూత) లేదా దాని పై భాగం పగిలింది, చలికాలం తర్వాతైతే ఇంక ఆలోచించక్కర్లేదు. 2021 ఫిబ్రవరి గడ్డకట్టు తుఫాను తర్వాత ఈ కిట్‌ల కోసం దుకాణాలన్నీ తిరిగాను. నవంబరులోనే పీవీబీకి ముందు ఆ లైన్‌కి నీళ్లిచ్చే వాల్వ్ కట్టేసి, టెస్ట్ కాక్‌లు తెరిచి నీళ్లు వదిలేసి, పీవీబీ మీది రెండు షటాఫ్ హ్యాండిళ్లనూ 45 డిగ్రీల వాటంలో సగం తెరిచి ఉంచండి. పూర్తిగా మూసిన బాల్ లోపల చిక్కిన నీళ్లే గడ్డకట్టి వాల్వ్‌ని చీలుస్తాయి. అన్నట్టు పీవీబీ మీ ఎత్తైన స్ప్రింక్లర్ తల కంటే కనీసం 12 అంగుళాలు పైన ఉండాలి. లాన్ వెనక మట్టి పోయించి ఎత్తు చేయించినవాళ్లు ఒకసారి కొలుచుకోండి.

బ్యాక్‌ఫ్లో పెట్టించినప్పటి నుంచి వాటర్ హీటర్ రిలీఫ్ వాల్వ్ కారుతోంది

హీటర్ పాడవలేదు. ఇదివరకు వేడెక్కి వ్యాకోచించిన నీళ్లు వీధి లైన్లోకి వెనక్కి తోసుకుపోయేవి, ఇప్పుడు దారి మూసేశారు. ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ పెట్టించండి, దాని గాలి ప్రెషర్‌ని ఇంటి నీళ్ల ప్రెషర్‌కి సమానంగా పెట్టండి. ట్యాంక్ ఉండి కూడా కారుతుంటే సైకిల్ పంపుతో గాలి చూసుకోండి.

టెస్ట్ పాస్, సిటీ వాళ్లు రిపోర్టు తిప్పి పంపారు

సీరియల్ నంబరు. పాత పరికరం తీసేసి కొత్తది పెట్టారు, సిటీ రికార్డులో పాత నంబరే ఉంది. ప్లేటు మీద బురద తుడిచి ఫోటో తీసుకుని చూసి రాయండి, పోయినేడాది రిపోర్టు చూసి ఎక్కించకండి. అది కాకపోతే టెస్టరు గేజ్ కాలిబ్రేషన్ తేదీ ఏడాది దాటి ఉంటుంది, లేదా ఆ సిటీలో అతను రిజిస్టర్ చేయించుకుని ఉండడు. ప్లేనోలో చేయించుకున్నంత మాత్రాన ఫ్రిస్కోలో చెల్లదు.

బాడీ పగలడం, స్ప్రింగ్ విరగడం, ఫ్యాక్టరీ లోపం లాంటివి కూడా ఉంటాయి. నేను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫైర్ లైన్ మీదున్న పరికరమైతే దాన్ని ముట్టొద్దు, దానికి ఆమోదం ఉన్న ఫైర్ లైన్ కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే టెస్టరే రావాలి.

టెస్టర్‌ని పిలిచినప్పుడు "మొత్తం మార్చాలి" అంటే ఒక్క ప్రశ్న అడగండి. రెండో షటాఫ్ పడుతోందో లేదో ఎలా చూశారు? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే ఇంకొకరిని పిలవండి.